సగటు నీళ్లు ఎవరూ తాగరు: రెండుసార్లు తిరిగొచ్చిన ఒక పీజీ ప్రాజెక్టు రిపోర్టు

వరంగల్‌లో చివరి సెమిస్టర్ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు సరిచూసే పనిలో ఎదురైన కేసు ఇది. విద్యార్థిని, ఊరు, కాలేజీ గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం. బోర్ల నంబర్లు, దూరాలు, కొలతలు కొద్దికొద్దిగా మార్చాం. వాటి మధ్య పోలిక మాత్రం చెడకుండా చూశాం, ఎందుకంటే కేసంతా ఆ పోలికలోనే ఉంది.

నేపథ్యం

విద్యార్థినిది పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ప్రాజెక్టు అంశం, ఒక చెరువు చుట్టుపక్కల 12 బోర్ల నీళ్ల నాణ్యత. వానలకు ముందు మేలో ఒకసారి, వానాకాలం అయిపోయాక నవంబర్‌లో ఒకసారి నీళ్లు పట్టారు. అలా 24 శాంపిళ్లు. ఒక్కోదానికి పీహెచ్, టీడీఎస్ (టోటల్ డిజాల్వ్‌డ్ సాలిడ్స్, నీళ్లలో కరిగిన పదార్థాలు మొత్తం), టోటల్ హార్డ్‌నెస్, కాల్షియం హార్డ్‌నెస్, ఆల్కలినిటీ (యాసిడ్‌ను తట్టుకునే గుణం), క్లోరైడ్, నైట్రేట్, ఫ్లోరైడ్ అని ఎనిమిది పరీక్షలు.

ల్యాబ్ పని శుభ్రంగా ఉంది. రికార్డు పుస్తకంలో ప్రతి టైట్రేషన్ (ద్రావణం చుక్కచుక్కగా కలిపి పాళ్లు కొలిచే పరీక్ష) రెండుసార్లు చేసినట్టు, బ్యురెట్ రీడింగులు కొట్టివేతలతో సహా కనిపిస్తున్నాయి. ఫీల్డ్ నోటు ఇంకా బాగుంది. ఏ బోరు ఎవరి పొలంలో ఉంది, ఎంత లోతు వేశారు, మోటారు ఎంతసేపు ఆడించాక నీళ్లు పట్టారు, అన్నీ తెలుగులో పెన్సిల్‌తో రాసుకుంది. పనిలో లోటు లేదని ఇక్కడే తేలింది కాబట్టి మిగతాదంతా రిపోర్టు సమస్యే అనుకుని ముందుకెళ్లాం. పని సరిగా చేయని విద్యార్థికి రాత నేర్పి లాభం ఉండదు. అందుకే రిపోర్టు కంటే ముందు ల్యాబ్ పుస్తకం తిరగేయడం మాకు అలవాటు.

మా దగ్గరికి వచ్చేసరికి

రిపోర్టు 92 పేజీలు. సబ్మిషన్‌కు 5 వారాలుంది. గైడ్ అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపారు. మొదటిసారి మార్జిన్‌లో రాసింది ‘ఇంగ్లిష్ సరిచేయాలి’ అని. రెండోసారి ‘సిమిలారిటీ తగ్గించాలి’ అని, అంటే ఇతరుల రాతతో కలిసే భాగం తగ్గించాలని. చెకింగ్ సాఫ్ట్‌వేర్ 38 శాతం చూపించింది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పేచీ లేదు. 10 దాటి 40 లోపు ఉంటే సవరించి మళ్లీ ఇవ్వాలి, అందుకు గడువు 6 నెలలకు మించకూడదు. 40 దాటి 60 లోపైతే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా ఇవ్వనివ్వరు. 38 అంటే గోడ అంచున నిలబడ్డట్టే.

ఆమె తన సమస్యను ఒక్క మాటలో చెప్పింది: “నాకు ఇంగ్లిష్ రాదు సార్, అందుకే ఇట్లయితుంది.”

రిపోర్టు చదివితే కనిపించింది వేరు. మొదటి అధ్యాయం భూగోళం మీద 71 శాతం నీళ్లే అన్న వాక్యంతో మొదలవుతుంది. జలచక్రం బొమ్మ, నదులు, కాలుష్యం రకాలు అన్నీ దాటి చదివే మనిషి ఆ ఊరికి చేరేసరికి 31వ పేజీ. మెథడ్స్‌లో ఈడీటీఏ టైట్రేషన్ (హార్డ్‌నెస్ కొలిచే పరీక్ష) విధానం పుస్తకంలో ఉన్నట్టే రెండు పేజీలు. ఫలితాల అధ్యాయంలో పరీక్షకో బార్ చార్టు, రంగు రంగులవి, దాని కింద చార్టులో ఉన్న అంకెలనే మళ్లీ వాక్యాలుగా రాసిన పేరా. ముగింపులో ఫ్లోరైడ్ సగటు లీటరుకు 1.3987 మి.గ్రా. అని, పరిమితి 1.5 లోపే ఉంది కాబట్టి నీళ్లు తాగడానికి పనికొస్తాయని రాసుంది. దాని వెనకే మిషన్ కాకతీయ (చెరువుల పూడిక తీసే ప్రభుత్వ పథకం) వల్ల ఫ్లోరైడ్ తగ్గిందని ఇంకో వాక్యం.

పన్నెండు బోర్లలో అయిదింట మే నెల ఫ్లోరైడ్ 1.5 దాటింది. అది ఆమె సొంత పట్టికలోనే, 63వ పేజీలో ఉంది.

ఆమె అప్పటికే చేసి చూసినవి

ఇంగ్లిష్ సరిచేయమన్నారు కాబట్టి వ్యాకరణం దిద్దే సాఫ్ట్‌వేర్‌లో వేసింది. క్రియలు, కామాలు సరిపోయాయి. ‘నీళ్లు పనికొస్తాయి’ అన్న తప్పు వాక్యం ఇప్పుడు వ్యాకరణ దోషం లేని తప్పు వాక్యమైంది.

సిమిలారిటీ తగ్గించమన్నారు కాబట్టి మాటలు మార్చిపెట్టే ఆన్‌లైన్ టూల్‌లో పేరాలు పోసింది. టోటల్ హార్డ్‌నెస్ అన్న చోట ‘కంప్లీట్ టఫ్‌నెస్’ అని వచ్చింది. డిజాల్వ్‌డ్ సాలిడ్స్ ‘మెల్టెడ్ సాలిడ్స్’ అయ్యాయి. బఫర్ ద్రావణం (పీహెచ్ మారకుండా చూసేది) ఒకచోట ‘కుషన్ లిక్విడ్’ అయింది. సిమిలారిటీ 38 నుంచి 29కి దిగింది గానీ ఆ పేజీలు ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకుడు) చేతికి వెళ్తే ల్యాబ్ పని మీద కూడా నమ్మకం పోయేది. శాస్త్రంలో పారిభాషిక పదానికి పర్యాయపదం ఉండదు. ఆ టూల్‌కు ఆ సంగతి తెలియదు. పాత ప్రతినే మళ్లీ తీసుకుని పని మొదలుపెట్టమన్నాం.

మూడోది సీనియర్ రిపోర్టు. జిరాక్స్ సెంటర్లలో పాత రిపోర్టుల సాఫ్ట్ కాపీలు దొరకడం మన దగ్గర కొత్తేమీ కాదు. దాన్ని పక్కన పెట్టుకుని అదే వరుసలో రాసింది. దాంతో అందులోని ఒక వాక్యం ఇందులోకి పాకింది: శాంపిళ్లలో నైట్రిక్ యాసిడ్ కలిపి పీహెచ్ 2 కంటే తగ్గించామని. ఆ సీనియర్ ప్రాజెక్టు భార లోహాల మీద, అక్కడ అది సరైన పనే. ఈమె అదే సీసాలో నీళ్లకు పీహెచ్, ఆల్కలినిటీ కొలిచింది. యాసిడ్ కలిపిన నీళ్లలో ఆల్కలినిటీ 240 ఎలా వస్తుంది? ఆమె యాసిడ్ కలపనే లేదు, ఐసు పెట్టెలో తెచ్చి మర్నాడే పరీక్ష చేసింది. చేయని పని రాసి, చేసిన పని వదిలేసిన వాక్యం అది. వైవాలో ఇలాంటి ఒక్క వాక్యం దొరికితే మిగతా 91 పేజీలను ఎవరూ నమ్మరు.

మేం చేసి విఫలమైనవి

మొదటి వారం మా చేతుల్లోనే పోయింది. మొదట ఒక టెంప్లేట్ ఇచ్చాం. ఏ అధ్యాయంలో ఏముండాలి, ఎన్ని పేజీలు అని. మూడు రోజుల్లో నింపుకొచ్చింది. పేజీలు 92 నుంచి 70కి తగ్గాయి, జలచక్రం పోయింది, కానీ ముగింపు అదే ముగింపు. గదులు కట్టి ఇస్తే పాత సామానే సర్దిపెట్టింది.

తర్వాత మొదటి అధ్యాయాన్ని వాక్యం వాక్యం ఎర్ర ఇంకుతో దిద్దాం. దిద్దినవన్నీ చక్కగా ఎక్కించుకొచ్చింది. రెండో అధ్యాయంలో అవే తప్పులు అలాగే ఉన్నాయి. ఆలోచిస్తే ఇందులో ఆమె తప్పేమీ లేదు. మేం దిద్దింది వాక్యాలను, ఆ వాక్యాలు ఎందుకు అలా వస్తున్నాయో ఇంకా అడగలేదు. పైగా ఆ అధ్యాయంలో సగం ఎలాగూ తీసేయాల్సిందే. పడగొట్టే గోడకు సున్నం వేసినట్టయింది.

మలుపు: రెండు నిమిషాలు, తెలుగులో

కాగితాలు పక్కన పెట్టించి, లాప్‌టాప్ మూయించి అడిగాం: ఈ పన్నెండు బోర్ల గురించి మీ ఇంట్లో వాళ్లు అడిగితే ఏం చెప్తావు? తడుముకోకుండా చెప్పింది:

“చెర్వు కింది బోర్లల్ల నీళ్లు మంచిగనే ఉన్నయ్ సార్. గుట్ట దిక్కు పోయినకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువైతున్నది. ఒక్క ఏడో నంబర్ బోరే తిక్కతిక్కగ వస్తున్నది, అది చెర్వు పక్కనే ఉంటది గని ఫ్లోరైడ్ ఎక్కువుంది. ఊర్ల నల్లా నీళ్లు వస్తయి, కని పొలం కాడ పనికి పోయినోళ్లు బోరు నీళ్లే తాగుతరు.”

నాలుగు వాక్యాల్లో రిపోర్టు అంతా ఉంది. 92 పేజీల్లో ఇందులో ఒక్కటి కూడా లేదు. చెరువుకు దూరం అన్న మాట లేదు. ఎవరు తాగుతారన్న మాట లేదు. ఏడో నంబర్ బోరు ప్రత్యేకమని లేదు. భాష రాకపోవడం ఇబ్బందే, కాదనలేం. కానీ తనకు తెలిసింది రిపోర్టులో రాయదగిన విషయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రిపోర్టంటే పుస్తకాల్లో ఉన్నది రాయాలనుకుంది.

ఆ నాలుగు వాక్యాలను ఆమె చేతే తెలుగులో ఒక కాగితం మీద రాయించి, రాసే బల్ల ముందు అతికించుకోమన్నాం. ఏ పేరా రాసినా అది ఆ నాలుగింటిలో దేనికి పనికొస్తుందో చెప్పగలగాలి, చెప్పలేకపోతే కొట్టేయాలి.

పట్టిక తిరగరాయడం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాం, రెండు పూర్తి రోజులు. పాత ఫలితాలు పరీక్షల వారీగా ఉన్నాయి. పీహెచ్‌కు ఒక చార్టు, టీడీఎస్‌కు ఒకటి, అలా. ప్రతి చార్టులో బోర్లు ఎస్-1 నుంచి ఎస్-12 దాకా వరుసగా. ఆ నంబర్లు ఎలా వచ్చాయని అడిగితే, బండి మీద వెళ్లిన దారిలో ఏ బోరు ముందు తగిలితే అది ఒకటి అని చెప్పింది. అంటే చార్టుల వరుసకు అర్థమేమీ లేదు. కాల్షియం ఒక పేజీలో, ఫ్లోరైడ్ ఏడు పేజీల తర్వాత ఉంటే రెండిటినీ కలిపి చూసే అవకాశం ఎవరికీ లేదు, రాసిన మనిషికి కూడా.

అందుకే ఎక్సెల్‌లో ఒకే షీటు చేయించాం. అడ్డ వరుసకు ఒక బోరు, నిలువు వరుసకు ఒక కొలత. చెరువు కట్ట నుంచి దూరాన్ని ఫోన్ మ్యాప్‌లో కొలిచి కొత్త నిలువు వరుసగా చేర్చాం. తర్వాత ఆ దూరాన్ని బట్టి సార్ట్ చేయించాం. అందులోంచి ఏడు వరుసలు ఇవి:

| బోరు | దూరం (మీటర్లు) | కాల్షియం హార్డ్‌నెస్, మే (మి.గ్రా./లీ.) | ఫ్లోరైడ్, మే | ఫ్లోరైడ్, నవంబర్ |
|---|---|---|---|---|
| ఎస్-4 | 150 | 212 | 0.8 | 0.6 |
| ఎస్-7 | 250 | 92 | 1.7 | 1.6 |
| ఎస్-9 | 300 | 196 | 0.9 | 0.8 |
| ఎస్-1 | 600 | 164 | 1.2 | 1.0 |
| ఎస్-11 | 1100 | 120 | 1.6 | 1.3 |
| ఎస్-6 | 1600 | 88 | 2.1 | 1.7 |
| ఎస్-2 | 2100 | 74 | 2.4 | 2.0 |

షీటు సార్ట్ అవగానే ఆమే గమనించింది, కాల్షియం తగ్గిన చోటల్లా ఫ్లోరైడ్ పెరిగిందని. ఎస్-7లో కూడా అంతే. కారణం పాఠ్యపుస్తకంలోనే ఉంది. మన వైపు నేలకింద గ్రానైట్ రాయి. అందులోని ఫ్లోరైట్, అపటైట్, అభ్రకం లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుక్కి చేరతాయి, తక్కువుంటే ఫ్లోరైడ్ కరిగే ఉంటుంది. ఆమె పరీక్షలో ఈ జవాబు రాసి మార్కులు తెచ్చుకుంది. తన పన్నెండు బోర్లకు అది వర్తిస్తుందని షీటు చూసేదాకా తోచలేదు. డిస్కషన్ అధ్యాయం ఎలా రాయాలని రెండు నెలలుగా అడుగుతోంది, రాయాల్సింది ఇదే.

దశాంశాల సంగతి. పాత పట్టికలో ఎక్సెల్ ఇచ్చినట్టు 1.3987 అని ఉంది. ఒకే శాంపిల్‌ను రెండుసార్లు కొలిస్తే 0.1 తేడా వస్తోందని ఆమె రికార్డు పుస్తకమే చెబుతోంది. అలాంటప్పుడు నాలుగో దశాంశం అలంకారం. ఫ్లోరైడ్‌కు ఒక దశాంశం, హార్డ్‌నెస్‌కు పూర్ణాంకం చాలు.

సగటు, పరిమితి

సగటు 1.4 అన్నది లెక్కగా తప్పు కాదు. కానీ ఎస్-2 దగ్గర పనిచేసేవాళ్లు ఎస్-2 నీళ్లు తాగుతారు, పన్నెండు బోర్ల నీళ్లు కలిపి తాగరు. సగటు తీసేసి ‘12 బోర్లలో మేలో 5, నవంబర్‌లో 3 పరిమితి దాటాయి’ అని రాయించాం. ఈ ఒక్క మార్పుతో ముగింపు తలకిందులైంది.

ఆ పరిమితి ఏది అన్నది ఇంకో చిక్కు. పాత రిపోర్టులో ఒక అధ్యాయంలో 1.0, ఇంకో అధ్యాయంలో 1.5 అని ఉంది, రెండిటికీ కారణం లేదు. భారత ప్రమాణం ఐఎస్ 10500, 2012 ప్రతిలో రెండూ ఉన్నాయి. ఆమోదయోగ్య పరిమితి 1.0. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా అనుమతి. చాలామంది విద్యార్థులు ‘వేరే వనరు లేనప్పుడు’ అన్న షరతు చదవరు, పెద్ద అంకెను పట్టుకుపోతారు. ఈ ఊళ్లో మిషన్ భగీరథ నల్లా ఉంది. అంటే ఇంటి దగ్గర తాగేవాళ్లకు ఈ బోర్ల నీళ్లను 1.0తోనే పోల్చాలి, అప్పుడు మేలో 8 బోర్లు దాటినట్టు. పొలం దగ్గర నల్లా లేదు, అక్కడ 1.5 వాదన నిలుస్తుంది. ఏది ఎంచుకోవాలన్నది ఆమెకే వదిలాం, కాకపోతే ఎందుకో రాయాలని షరతు పెట్టాం. పొలం బోర్లు కాబట్టి 1.5 తీసుకుంది, పక్కనే 1.0 దాటినవెన్నో కూడా ఇచ్చింది. ఇంట్లో వాళ్లకు చెప్పమంటే చెప్పిన ఆ నాలుగో వాక్యం, ‘పొలం కాడ బోరు నీళ్లే తాగుతరు’ అన్నది, ఇప్పుడు రిపోర్టుకు ఆధారస్తంభమైంది.

మిషన్ కాకతీయ వాక్యం మీద కొంచెం వాదన నడిచింది. పూడిక తీశాక నీళ్లు ఇంకాయి కదా, ఊళ్లో అందరూ అదే అంటారు కదా అని ఆమె. అనొచ్చు. నిజం కూడా కావచ్చు. కానీ ఆ పథకం మొదలైంది 2015లో, ఈమె కొలతలన్నీ దానికి ఎంతో తర్వాతివి. పూడిక తీయకముందు అవే బోర్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ఆమె దగ్గర ఒక్క అంకె లేదు. ‘తగ్గింది’ అనాలంటే రెండు కొలతలు కావాలి. ఆమె దగ్గరున్నది ‘దగ్గర తక్కువ, దూరం ఎక్కువ’ అన్నదే. చివరికి ఇలా కుదిరింది: కట్టకు దగ్గరి బోర్లలో ఫ్లోరైడ్ తక్కువగా ఉంది, చెరువు నుంచి ఇంకే నీళ్లు కారణమై ఉండొచ్చు, పూడికతీతకు ముందరి కొలతలు అందుబాటులో లేనందున దాని ప్రభావాన్ని ఈ అధ్యయనం అంచనా వేయలేదు. ఆమెకు ఈ వాక్యం నీరసంగా అనిపించింది. ఎక్స్‌టర్నల్‌కు అనిపించదని చెప్పాం.

రాసిన వరుస

మిగిలిన నాలుగు వారాలకు వరుస ఇలా వేసుకున్నాం: పట్టికలు, ఫలితాలు, మెథడ్స్, డిస్కషన్, ముగింపు, ఆ తర్వాతే ఇంట్రడక్షన్, అన్నిటికంటే చివర అబ్‌స్ట్రాక్ట్. ఇంట్రడక్షన్ ముందు రాస్తే ఎక్కడికి వెళ్తున్నామో తెలియక జలచక్రం నుంచి మొదలవుతుంది. ముగింపు చేతిలో ఉంటే దానికి కావాల్సినంత నేపథ్యమే రాస్తాం. పాత ఇంట్రడక్షన్ 14 పేజీలు, కొత్తది 4. మొదటి పేరాలోనే గ్రానైట్ నేల, ఫ్లోరైడ్, పొలం బోర్లు వచ్చేశాయి.

మెథడ్స్‌లో 38 శాతం గుట్టు బయటపడింది. సాఫ్ట్‌వేర్ రంగులు వేసిన చోట్లలో సింహభాగం టైట్రేషన్ విధానాలే. ప్రామాణిక పద్ధతిని మళ్లీ రాయాల్సిన పనే లేదు. హార్డ్‌నెస్‌కు ఏపీహెచ్ఏ (నీటి పరీక్షల ప్రామాణిక పద్ధతుల పుస్తకం) 2340-సి, ఫ్లోరైడ్‌కు 4500-ఎఫ్ లోని స్పాడ్న్స్ పద్ధతి అని పేరు, నంబరు చెప్పి ఆధారం చూపిస్తే సరిపోతుంది. రాయాల్సింది తాను ఏం చేసిందన్నది: మోటారు 10 నిమిషాలు ఆడించాకే నీళ్లు పట్టాం, 1 లీటరు పాలిథీన్ సీసాలు వాడాం, అదే బోరు నీళ్లతో మూడుసార్లు కడిగాం, 25 మి.లీ. శాంపిల్‌ను 50కి పలచన చేసి 0.01 మోలార్ ఈడీటీఏతో టైట్రేట్ చేశాం, ప్రతిదీ రెండుసార్లు చేసి సగటు తీసుకున్నాం. ఇవి ఏ పుస్తకంలోనూ లేని వాక్యాలు కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌కూ దొరకవు. ఇంకొకరు అదే బోరుకు వెళ్లి అదే పని చేయాలంటే కావాల్సినవీ ఇవే. పదకొండు పేజీల మెథడ్స్ అయిదయింది.

ఇంగ్లిష్ గురించి ఒక పొరపాటు ఇక్కడా జరిగింది. తెలుగులో చెప్పించడం పనిచేసింది కదా అని ఫలితాల అధ్యాయం మొత్తం తెలుగులో రాసుకుని ఫోన్‌లో అనువాదం చేసుకొచ్చింది. తెలుగులో ‘పోయి, చూసి, కొలిచి, పోల్చగా’ అని క్రియలు గొలుసులా అల్లుకుపోయి చివర్లో అసలు మాట వస్తుంది. అదే గొలుసు ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి అయిదు వరుసల వాక్యాలు, కర్త ఎవరో తెలియదు. తెలుగు ఆలోచించడానికి, ఇంగ్లిష్ వాక్యం మాత్రం మొదటినుంచీ ఇంగ్లిష్‌లోనే అని విడదీశాం. అందుకు ఒక అచ్చు ఇచ్చాం: ఏ బోరు, ఎంత, దేనితో పోలిస్తే. ఒక వాక్యంలో ఒక పోలిక. ఇరవై పదాలు దాటితే రెండు ముక్కలు. చేసిన పనికి భూతకాలం, పట్టిక చూపించే దానికి వర్తమానం. ఈ నాలుగింటితో ఆమె రాసిన ఇంగ్లిష్ గొప్పగా లేదు, కానీ ఎక్కడా తికమక లేదు. కొన్ని ‘ది’లు తప్పిపోయాయి. వాటిని చివరి రోజు ఒక గంటలో దిద్దాం, రిపోర్టు అంతా సిద్ధమయ్యాక.

అబ్‌స్ట్రాక్ట్ పాతదానిలో ఒక్క అంకె లేదు. కొత్తదానిలో అయిదు వాక్యాలు. సారాంశం తెలుగులో చెప్పాలంటే: పొలం పనివాళ్లు తాగే 12 బోర్ల నీళ్లను మే, నవంబర్ నెలల్లో ఎనిమిది అంశాలకు పరీక్షించాం. ఫ్లోరైడ్ మేలో 5, నవంబర్‌లో 3 బోర్లలో లీటరుకు 1.5 మి.గ్రా. దాటింది. చెరువు కట్టకు కిలోమీటరు లోపలి 7 బోర్లలో ఒక్కటి తప్ప మిగతావి రెండు కాలాల్లోనూ పరిమితి లోపే ఉన్నాయి. ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట కాల్షియం తక్కువగా ఉంది. పరిమితి దాటిన బోర్ల దగ్గర తాగే నీళ్లకు వేరే ఏర్పాటు అవసరం.

ఫార్మాటింగ్ గురించి చెప్పేది కొంచెమే. హెడింగులకు వర్డ్‌లోని స్టైల్స్ వాడితే విషయసూచిక దానంతటదే వస్తుంది, పేజీ నంబర్లు చేత్తో కొట్టక్కర్లేదు. పట్టిక పేరు పైన, బొమ్మ పేరు కింద. బైండింగ్ వైపు మార్జిన్ ఒకటిన్నర అంగుళం వదలకపోతే అక్షరాలు కుట్టులోకి పోతాయి. హన్మకొండలో బంగారు అక్షరాల అట్ట వేయించే ముందు పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫే ప్రింటుకివ్వాలి. వర్డ్ ఫైలు ఇస్తే షాపు కంప్యూటర్‌లో ఫాంట్ మారి పట్టికలు పక్క పేజీకి జారతాయి.

ఫలితం, మాలో మారినవి

చివరి ప్రతి 54 పేజీలు, సిమిలారిటీ 9 శాతం. ఆ 9 కోసం విడిగా ఏ కసరత్తూ చేయలేదు. గైడ్ ఒక్క పట్టిక శీర్షిక మార్చమని సంతకం చేశారు.

ఈ కేసు తర్వాత మా పని వరుస మారింది. రిపోర్టు తెరవకముందే రెండు నిమిషాలు తెలుగులో చెప్పించుకుంటున్నాం. చెప్పగలిగి రాయలేకపోతే ఒక దారి, చెప్పలేకపోతే మళ్లీ డేటా దగ్గరికే. గైడ్ ‘ఇంగ్లిష్’ అని రాసినప్పుడు దాన్ని జ్వరం లాంటి లక్షణంగానే తీసుకుంటున్నాం, రోగం ఇంకెక్కడో ఉండొచ్చు. శాంపిళ్ల నంబర్లకు అర్థం లేకపోతే, అర్థమున్న వరుస ఏదో ముందు వెతికిస్తున్నాం. దూరమో, లోతో, తేదీయో. ఒక్క సంగతి: ఇదంతా సొంత కొలతలున్న రిపోర్టుకు పనికొచ్చింది. కేవలం గ్రంథ సమీక్షగా రాసే రిపోర్టుకు సార్ట్ చేయడానికి షీటు ఉండదు, దానికి ఈ పద్ధతి అలాగే అతకదు.

ఎస్-7

వదిలేసిన ముక్క ఒకటుంది. చెరువుకు 250 మీటర్ల దూరంలో ఉండి కూడా ఫ్లోరైడ్ 1.7 ఉన్న బోరు. పట్టిక ఇంత అందంగా కుదిరాక ఆమెకు అది కంట్లో నలుసైంది. “దీన్ని తీసేద్దామా సార్, 11 బోర్లని రాస్తా” అంది. కొలత తప్పని అనుమానించడానికి ఆధారముంటే తీయొచ్చు. రెండుసార్లు కొలిచినా అదే వచ్చింది, నవంబర్‌లోనూ 1.6 వచ్చింది. తీస్తే అది దాచడమే. ఉంచితే వివరణ ఇవ్వాలి. ఫీల్డ్ నోటు మళ్లీ తీయించాం. మిగతా బోర్లు 45 నుంచి 60 మీటర్ల లోతు, ఎస్-7 మాత్రం 110. చెరువు నుంచి ఇంకే నీళ్లు అంత లోతుకు సులువుగా చేరకపోవచ్చు. మిగతా బోర్లలో చాలావాటిలో వానల తర్వాత ఫ్లోరైడ్ అంతకంటే ఎక్కువ తగ్గితే దీనిలో 0.1 మాత్రమే తగ్గడం కూడా అటే చూపిస్తోంది. ఒక్క బోరుతో రుజువు కాదు కాబట్టి ‘కావచ్చు’ అనే రాసింది.

వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగిన ప్రశ్నల్లో సగం ఎస్-7 మీదే. లోతు 110 అని ఎవరు కొలిచారని అడిగారు.

“కొలువలేదు సార్. బోరు ఏయించిన రైతు చెప్పిండు. పట్టిక కింద అదే రాసిన.”

ఆయన పేజీ తిప్పి చూశారు. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంది: లోతు రైతులు చెప్పినది, కొలిచినది కాదు.